ఎడమ చేత్తో ఫిడేలు వాయిస్తున్న ఈ రాజకుమారుడు ఎవరు? (పాత ఇంగ్లీషు పత్రిక బొమ్మ)

చిత్తుకాగితం | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేనుండేది బర్మింగ్‌హామ్‌లో. ఆదివారం పొద్దున ఇక్కడ మైదానాల్లో కార్ బూట్ సేల్ పెడతారు. ఇంట్లో అక్కర్లేని సామానంతా కారు డిక్కీలో వేసుకొచ్చి అమ్ముకుంటారు, మన వారపు సంతలాగే. ఇవాళ ఒక పెద్దాయన దగ్గర పాత ఫ్రేముల గుట్టలో ఒక బొమ్మ దొరికింది. 12 పౌండ్లు అన్నాడు, 8కి ఇచ్చాడు.

నలుపు తెలుపు బొమ్మ. గడ్డం ఉన్న మనిషి, తల పెద్దది, ఒళ్ళు చిన్నది. ఒంటి మీద నేవీ యూనిఫాం, భుజాల మీద కుచ్చులు, ఛాతీ మీద పెద్ద నక్షత్రం, నడుముకు కత్తి. ఫిడేలు వాయిస్తున్నాడు. మ్యూజిక్ స్టాండు కాలికి ఓడ లంగరు కట్టి ఉంది. టోపీ కింద పడి దొర్లుతోంది. ఒక మూల చిన్న కిరీటం, దాని మీద కూర్చుని ఒక పిల్లి చెవులు మూసుకుంటోంది. పిల్లి భలే ఉంది, నిజం చెప్పాలంటే దాన్ని చూసే కొన్నాను.

ఫ్రేము వెనక చీటీ మీద పెన్సిల్‌తో 'వానిటీ ఫెయిర్, 1870' అని ఉంది. కింద ఉండాల్సిన పేరు, శీర్షిక ఎవరో కత్తిరించేశారు. ఈయన ఎవరు? చీటీని నమ్మొచ్చా? ఇంకో విషయం, ఫిడేలు కుడి భుజం మీద ఉంది, కమాను ఎడమ చేతిలో ఉంది. ఎడమచేతి వాటం రాజు ఎవరైనా ఉన్నారా?

ఫోటోలు మూడు పెట్టాను. నడిమధ్యలో నిలువుగా సన్నటి తెల్ల గీత ఒకటి ఉంది, మడతేమో అనుకుంటున్నా.

కందిపొడి | ఆదివారం రాత్రి 9:58

8 పౌండ్లంటే ఇక్కడ నెల రోజుల కందిపొడి అన్నా. పిల్లికి మాత్రం నా ఓటు.

పాతబొమ్మలు | ఆదివారం రాత్రి 10:30

చీటీని నమ్మకండి. ఇంగ్లండులో పాత కారికేచర్ ఏది దొరికినా దానికి వానిటీ ఫెయిర్ అని చీటీ అంటిస్తారు. మన దగ్గర పాత కేలండర్ బొమ్మ ప్రతిదాన్నీ రవివర్మ అన్నట్టు.

వానిటీ ఫెయిర్ వారపత్రిక. థామస్ గిబ్సన్ బౌల్స్ అనే ఆయన 1868 నవంబరులో లండన్‌లో మొదలుపెట్టాడు. చేతిలో 200 పౌండ్లు, అందులో సగం అప్పు. మొదట్లో బొమ్మలే లేవు, పత్రిక అంతంతమాత్రంగా నడిచింది. 1869 జనవరి 30న రాజకీయ నాయకుడు డిజ్రేలీ బొమ్మను రంగుల్లో వేశాడు, మరుసటి వారం ఆయన ప్రత్యర్థి గ్లాడ్‌స్టన్‌ను వేశాడు. ఇక జనం ఎగబడ్డారు. ఆ బొమ్మలు గీసింది కార్లో పెల్లెగ్రినీ, ఇటలీ మనిషి. 'ఏప్' అని సంతకం పెట్టేవాడు, అంటే కోతి. తర్వాత లెస్లీ వార్డ్ వచ్చాడు, ఆయన సంతకం 'స్పై'. 1889లో బౌల్స్ పత్రికను 20,000 పౌండ్లకు అమ్ముకున్నాడు. 1914 వరకు నడిచింది, మొత్తం రెండు వేలకు పైగా బొమ్మలు వచ్చాయి.

అవన్నీ రంగు లితోలు. రాతి మీద గీసి, ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున అచ్చు వేసేవారు. బొమ్మ విడి కాగితం మీద వచ్చేది, వెనక ఖాళీ. మీ బొమ్మను ఫ్రేములోంచి తీసి వెనక చూడండి. అచ్చు అక్షరాలుంటే వానిటీ ఫెయిర్ కాదని ఖాయం చేసుకోవచ్చు.

చిత్తుకాగితం | ఆదివారం రాత్రి 11:15

తీశాను. మేకులు తుప్పు పట్టి ఒకటి వేలికి గుచ్చుకుంది. వెనక రెండు కాలాల అచ్చు ఉంది! ఏదో నాటకం మీద వెటకారంగా రాసిన ముక్క, పక్కన దీపాల ప్రకటనలో సగం. ఒక వాక్యంలో 'ఆల్బర్ట్ హాల్' అన్న మాట స్పష్టంగా ఉంది. అంటే నాది నకిలీయా?

పాతబొమ్మలు | ఆదివారం రాత్రి 11:22

నకిలీ కాదు, చీటీ మాత్రమే తప్పు. అది ఏదో హాస్య వారపత్రిక పేజీ. ఆ రోజుల్లో పంచ్ ఒక్కటే కాదు, ఫన్, జూడీ లాంటివి ఎన్నో ఉండేవి. లండన్‌లో కచేరీలు జరిగే ఆల్బర్ట్ హాల్ తెరిచింది 1871 మార్చి 29న. కాబట్టి 1870 కూడా దాదాపు తప్పే.

అచ్చుగుడి | సోమవారం ఉదయం 6:05

ఆ తెల్ల గీత మడత కాదు నాయనా. అది చూసే పడుకున్నవాణ్ణి లేచి కూర్చున్నాను.

మాది తెనాలి. నాన్నగారికి ప్రెస్సు ఉండేది, ట్రెడిల్ మీద పెళ్ళి శుభలేఖలు, సినిమా కరపత్రాలు వేసేవాళ్ళం. మేం వాడింది జింకు బ్లాకులు. ఈ బొమ్మ అంతకంటే ముందుది, చెక్క బ్లాకు. బాక్స్‌వుడ్ అనే చెట్టు చెక్క చాలా గట్టిది, కానీ ఆ చెట్టు బోదె సన్నం. దాన్ని అడ్డంగా కోసి, ఆ కోసిన ముఖం మీద చెక్కుతారు, అప్పుడే వెంట్రుక వాసి గీత కూడా విరగకుండా నిలుస్తుంది. బోదె సన్నం కాబట్టి పేజీ అంత బొమ్మ ఒక్క ముక్కలో రాదు. చిన్న ముక్కలు పక్కపక్కన పెట్టి వెనక బోల్టులతో బిగిస్తారు. చిత్రకారుడు బొమ్మ గీశాక బోల్టులు విప్పేసి తలా ఒక ముక్క పనివాళ్ళకు పంచుతారు. రాత్రంతా దీపాల కింద చెక్కి తెల్లారేసరికి మళ్ళీ బిగిస్తారు. వారపత్రిక కదా, ఒక్కడే కూర్చుని చెక్కితే శనివారం దాటిపోతుంది.

ఆ బిగింపులో వెంట్రుకంత సందు మిగిలినా అక్కడ ఇంకు అంటదు, కాగితం మీద తెల్ల గీత పడుతుంది. మీ గీత కమానును సరిగ్గా మధ్యలో నరికింది చూడండి. భూతద్దం పెట్టి చూస్తే గీతకు అటు ఇటు కమాను చువ్వ మందం కూడా ఒకటిగా ఉండదు. అటువైపు చెక్కినవాడు వేరు, ఇటువైపు చెక్కినవాడు వేరు.

1890 దగ్గర్నుంచి బొమ్మను ఫోటో తీసి లోహం మీదికి ఎక్కించే పద్ధతి బాగా పాకింది. అప్పట్నుంచి ఈ అతుకులు కనబడవు. కాబట్టి మీ బొమ్మ 1871కి, 1890 చుట్టుపక్కలకు మధ్యది అనుకోవచ్చు.

చిత్తుకాగితం | సోమవారం ఉదయం 7:50

మాస్టారూ, భూతద్దం లేదు, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూశాను. మీరన్నట్టే ఉంది! ఎడమ ముక్కలో కమాను కాస్త లావు, కుడి ముక్కలో సన్నం. ఆఫీసుకు లేటయింది, పర్లేదు.

విశాఖ రేవు | సోమవారం ఉదయం 10:10

మనిషి సంగతి నేను చెబుతాను. నేవీలో 22 ఏళ్ళు చేసి దిగాను, యూనిఫాం చూస్తే చెయ్యి ఊరుకోదు.

గడ్డం, నేవీ, ఫిడేలు, కిరీటం. ఈ నాలుగూ కలిసే మనిషి ఒక్కడే. విక్టోరియా రాణి రెండో కొడుకు ఆల్ఫ్రెడ్, ఎడిన్‌బరో డ్యూక్. 1844లో పుట్టాడు. 14 ఏళ్ళకే నేవీలో చేరాడు. 1862లో గ్రీసు జనం ఓట్లేసి ఈయన్ని రాజుగా ఎన్నుకున్నారు, బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1868 మార్చిలో సిడ్నీలో ఒకడు వెనక నుంచి తుపాకీతో కాల్చాడు, బతికాడు. గెలాటియా అనే ఓడకు కెప్టెన్‌గా ప్రపంచమంతా తిరిగాడు. ఆ తిరుగుడులోనే 1869 చివర కలకత్తాలో దిగాడు, 1870 మార్చిలో మన మద్రాసుకూ వచ్చాడు. చివరికి 1893లో జర్మనీలో సాక్సె కోబర్గ్ గోథాకు డ్యూక్ అయ్యాడు, 1900లో పోయాడు.

ఛాతీ మీద నక్షత్రం గార్టర్ బిరుదుది. దాన్ని ఎడమ రొమ్ము మీద పెట్టుకోవాలి. కత్తి ఎడమ తుంటికి వేలాడాలి. మీ బొమ్మలో రెండూ ఎడమవైపే ఉన్నాయి. లెక్క సరిపోయింది.

మూడోమెట్టు | సోమవారం ఉదయం 10:45

అంత గట్టిగా చెప్పేస్తే ఎలాగండీ? వేల్స్ యువరాజు ఎందుకు కాకూడదు? ఆయనకూ గడ్డం ఉందిగా. బాంజో నేర్చుకున్నాడని కూడా చదివాను. పోర్చుగల్ రాజు లూయీ ఉన్నాడు, నేవీ అధికారి, సంగీతం వాయించేవాడు.

విశాఖ రేవు | సోమవారం ఉదయం 11:02

లూయీ వాయించింది చెల్లో, దాన్ని మోకాళ్ళ మధ్య పెట్టుకుంటారు. వేల్స్ యువరాజు పొట్ట చూశారా ఎప్పుడైనా? కార్టూనిస్టుకు అలాంటి పొట్ట దొరికితే వదిలిపెడతాడా?

పాతబొమ్మలు | సోమవారం మధ్యాహ్నం 1:20

ఆల్ఫ్రెడే అని నా ఓటు కూడా. ఈయన సరదాకి గదిలో కూర్చుని వాయించుకున్న బాపతు కాదు. ఆల్బర్ట్ హాల్ తెరిచిన కొద్దికాలానికే అక్కడ ఔత్సాహికుల ఆర్కెస్ట్రా ఒకటి పెట్టించి, దానికి అధ్యక్షుడిగా ఉంటూ తనే వయొలిన్ వాయించేవాళ్ళ వరుసలో కూర్చున్నాడు. మొదట్లో దాన్ని నడిపించినవాడు ఆర్థర్ సలివన్. తర్వాత రోజుల్లో నాటక రచయిత గిల్బర్ట్‌తో కలిసి లండన్‌ను ఊపేసిన సంగీత దర్శకుడు ఆయనే. 1876లో సంగీత శిక్షణ పాఠశాల తెరవడం వెనక కూడా ఆల్ఫ్రెడ్ ఉన్నాడు, దాని తర్వాతి రూపమే రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్. మీ బొమ్మ వెనక ఆల్బర్ట్ హాల్ మాట ఉండటం నాకు కాకతాళీయంగా అనిపించడం లేదు.

ఆసక్తికరమైన సంగతి ఏంటంటే వానిటీ ఫెయిర్ కూడా ఈయన బొమ్మ వేసింది, 1874 జనవరిలో, పెళ్ళి నెలలో. దాని శీర్షిక 'కెప్టెన్'. సంగీతం ఊసెత్తకుండా ఓడ ఉద్యోగాన్ని పట్టుకున్నారు. అదే పత్రిక సలివన్‌ను వేస్తే 'ఇంగ్లీషు సంగీతం' అంది, వాగ్నర్‌ను వేస్తే 'భవిష్యత్తు సంగీతం' అంది, వెర్డీని 'ఇటలీ సంగీతం' అంది. సంగీతం వాళ్ళ వృత్తి, కాబట్టి అదే వాళ్ళ పేరు. రాజకుమారుడికి మాత్రం అది చెప్పుకోవాల్సిన విషయం కాదు. చెబితే మీ బొమ్మలోలాగా నవ్వడానికే చెప్పాలి.

కందిపొడి | సోమవారం మధ్యాహ్నం 1:31

ఇంతకీ బాగా వాయించేవాడా, పిల్లి చెప్పిందే నిజమా?

పాతబొమ్మలు | సోమవారం మధ్యాహ్నం 1:50

రాణిగారి ప్రైవేట్ సెక్రటరీ హెన్రీ పాన్సన్‌బీ ఇంటికి రాసిన ఉత్తరంలో ఈయన కచేరీ గురించి ఏడుపొక్కటే తక్కువ. తాళం కుదరలేదట, మధ్యమధ్య అపస్వరాలట. పిల్లి పాన్సన్‌బీ గారి చుట్టం అయ్యుండాలి.

ఫిడేలు పంతులు | సోమవారం సాయంత్రం 6:40

ఇప్పుడే చూశాను. విజయనగరంలో పిల్లలకు వయొలిన్ చెబుతుంటాను. నాకొచ్చిన సందేహం వేరు.

ఈ బొమ్మ గీసినవాడికి ఫిడేలు తెలియదు. బిరడాలు లెక్కపెట్టండి, మూడే ఉన్నాయి. తీగలు ఐదు. స్టాండు మీద కాగితంలో స్వరాలకు తోకలు ఇష్టమొచ్చినట్టు పెట్టాడు. కమాను పట్టుకున్న తీరు చారులో గరిటె తిప్పుతున్నట్టుంది. పైగా ఎడమ చేత్తో. ఆర్కెస్ట్రాలో పదిమంది పక్కపక్కన కూర్చుని వాయించేటప్పుడు ఒక్కడు ఎడమ చేత్తో కమాను లాగితే పక్కవాడి కంట్లో పొడుస్తాడు, రాజకుమారుడైనా సరే. ఆల్ఫ్రెడ్ వరుసలో కూర్చుని వాయించాడంటే కుడి చేత్తోనే వాయించి ఉండాలి.

మరి ఇది అద్దంలో బొమ్మలా తిరగబడిందా? అచ్చుగుడి గారు చెప్పాలి.

అచ్చుగుడి | సోమవారం రాత్రి 8:15

మంచి ప్రశ్న వేశారు పంతులుగారూ. చెక్క మీద ఉన్నది కాగితం మీద పడేటప్పుడు ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. అందుకే చిత్రకారుడు చెక్క మీద తిరగేసి గీయాలి. మేం టైపు పేర్చేటప్పుడు అక్షరాలు తిరగేసి చదివినట్టే. నాకు ఇప్పటికీ అద్దంలో పేపరు చదవడం అలవాటు, మా ఆవిడ తిడుతుంది.

చిత్రకారుడు తిరగేయడం మర్చిపోతే బొమ్మలో అందరూ ఎడమచేతి వాటంగాళ్ళే అవుతారు. పాత బొమ్మల్లో ఇలాంటివి కనిపిస్తాయి. కానీ అలా జరిగితే అన్నీ తిరగబడాలి. నక్షత్రం కుడి రొమ్ము మీదికి వెళ్ళాలి, కత్తి కుడి తుంటికి రావాలి. ఇక్కడ అవి రెండూ సరిగ్గానే ఉన్నాయని విశాఖ రేవు గారు చెప్పారు. ఫిడేలు ఒక్కటే తిరగబడింది. అచ్చులో ఫిడేలు ఒక్కదాన్నే తిప్పే యంత్రం ఇంకా కనిపెట్టలేదు.

మూడోమెట్టు | సోమవారం రాత్రి 8:40

వెరీ సింపుల్. చిత్రకారుడు కావాలనే గీశాడు. 'వీడికి ఫిడేలు పట్టుకోవడం కూడా రాదు' అని ఎగతాళి. రాజకుటుంబం మీద కోపం బాగా ఉన్న రోజులవి. భర్త పోయాక రాణి ఏళ్ళ తరబడి బయటికి రాలేదు. టొమహాక్ అనే పత్రిక 1867లో ఖాళీ సింహాసనం బొమ్మ వేసి 'బ్రిటానియా ఎక్కడ?' అని అడిగింది. అదే ఏడు రాణి నౌకరు జాన్ బ్రౌన్ ఖాళీ సింహాసనానికి ఆనుకుని నిలబడ్డట్టు ఇంకో బొమ్మ వేసింది. వాటి ముందు ఫిడేలు తిరగేయడం ఎంత?

ఇక్కడే నాకు ఒక మాట అనాలనిపిస్తోంది. మన దగ్గర రాజు వీణ పట్టుకుంటే గౌరవం. సముద్రగుప్తుడు వీణ వాయిస్తున్నట్టు బంగారు నాణెం వేయించాడు. తంజావూరులో రఘునాథ నాయకుడు వీణా విద్వాంసుడు, తెలుగు కవి కూడా. ఇంగ్లీషువాళ్ళకు రాజు చేతిలో వాద్యం కనిపిస్తే నవ్వొచ్చింది. సంస్కారంలో తేడా.

పాతబొమ్మలు | సోమవారం రాత్రి 9:30

మూడోమెట్టు గారూ, సగం ఒప్పుకుంటాను. పెద్దమనుషులు వాద్యం ముట్టుకోవడం వాళ్ళకు నచ్చని మాట నిజమే. 1749లో చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు కొడుక్కి రాసిన ఉత్తరం ప్రసిద్ధం. సంగీతం ఇష్టమైతే విను, ఫిడేలువాళ్ళకు డబ్బులిచ్చి వాయించుకో, నువ్వు మాత్రం వాయించకు అన్నాడు. వందేళ్ళు దాటినా ఆ వాసన పోలేదు. సంగీతం అంటే ఇటలీవాడో జర్మనీవాడో చేసే పని, లేకపోతే ఇంట్లో ఆడపిల్లలు పియానో ముందు కూర్చుని చేసే పని.

ఆడవాళ్ళ విషయంలో వాళ్ళ కొలత వేరు. విక్టోరియా రాణే బాగా పాడేది. 1842లో జర్మన్ స్వరకర్త మెండెల్‌సన్ బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు వచ్చినప్పుడు ఆయన పాటల పుస్తకంలోంచి ఒకటి పాడింది. పాడే ముందు గదిలో చిలక గోల చేస్తుందని పంజరం బయటికి పంపించారు. పాట అయ్యాక మెండెల్‌సన్ సిగ్గుపడుతూ, ఇది నాది కాదు, మా అక్క ఫానీ కట్టింది, నా పేరుతో అచ్చయింది అని ఒప్పుకున్నాడు. తర్వాత కోడలు అలెగ్జాండ్రాకు 1885లో డబ్లిన్‌లో సంగీతంలో గౌరవ డాక్టరేట్ ఇచ్చారు, ఆ గౌను తొడుక్కుని ఫోటోలు కూడా తీయించుకుంది. వీళ్ళ సంగీతం చూసి ఎవరూ పిల్లితో చెవులు మూయించలేదు.

ఫిడేలు మాత్రం ఆడవాళ్ళకూ చాలాకాలం తగదన్నారు. ఆ పట్టు సడలడానికి ఒక కారణం విల్మా నెరూడా అనే గొప్ప విద్వాంసురాలు. 1876లో ఆమెకు స్ట్రాడివేరియస్ వయొలిన్ బహూకరించారు. ఇచ్చిన ముగ్గురిలో ఒకరు ఎవరో ఊహించండి. మన పిల్లి బాధితుడే.

ఫిడేలు పంతులు | సోమవారం రాత్రి 9:55

ఆ మాట వినగానే ఆ డ్యూక్ మీద నాకు అభిమానం పుట్టింది. అపస్వరాలు వాయిస్తే వాయించాడు, మంచి చేతులకు మంచి ఫిడేలు ఇచ్చాడు.

బొంగరం | సోమవారం రాత్రి 10:20

చాలారోజుల తర్వాత ఈ వేదికలో రాస్తున్నా. మూడోమెట్టు గారి నాణెం మాటకు ఒక అడ్డుపుల్ల. సముద్రగుప్తుడి నాణెం ముద్రించింది ఎవరు? సముద్రగుప్తుడే. రఘునాథ నాయకుడి వీణను పొగిడింది ఎవరు? ఆయన ఆస్థానంలో తింటున్న కవులు. ఆ సభలో ఎవరికైనా పిల్లిలాగా చెవులు మూసుకోవాలనిపించిందో లేదో మనకు తెలిసే దారే లేదు. తెనాలి రామకృష్ణుడి కథల్లో తప్ప రాజును వెక్కిరించే చోటు మనకు ఎక్కడుంది?

లండన్ పత్రిక రాజుగారిది కాదు. పెన్నీలు పెట్టి కొనే జనానిది. అందుకే రాజుగారి అపస్వరం మనదాకా వచ్చింది.

మూడోమెట్టు | సోమవారం రాత్రి 10:48

అంటే వెక్కిరింపే నాగరికత అంటారా? మద్రాసులో తెలుగు పత్రికవాడు ఆ డ్యూక్‌ను ఇలా వేసి ఉంటే ఏం జరిగేదో చెప్పండి. లండన్‌వాడికి ఉన్న చనువు మనకు ఇచ్చారా?

బొంగరం | సోమవారం రాత్రి 10:55

ఇవ్వలేదు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా.

మోడరేటర్ | సోమవారం రాత్రి 11:10

చర్చ బాగుంది. నాగరికతల పోటీకి వేరే శీర్షిక తెరుచుకోండి దయచేసి. ఇక్కడ బొమ్మ సంగతి చూద్దాం.

హైదరాబాదీ చాయ్ | మంగళవారం ఉదయం 8:25

బొమ్మలంటే గుర్తొచ్చింది. మన సాలార్‌జంగ్ (మొదటాయన, నిజాం దివాన్) కూడా వానిటీ ఫెయిర్‌లో వచ్చాడు. 1876లో ఇంగ్లండు వెళ్ళినప్పుడు. దారిలో పారిస్ హోటల్లో మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని, ఆ కాలుతోనే లండన్ చేరాడు. ఆ ప్రింటు హైదరాబాద్‌లో ఎవరిదగ్గరైనా ఉంటే చెప్పండి, నేను కొంటాను. ఫిడేలు లేదు, పిల్లీ లేదు, అయినా కావాలి.

పాతబొమ్మలు | మంగళవారం ఉదయం 9:00

నా దగ్గర ఒకటి ఉంది, అమ్మను. చాయ్‌కి వస్తే చూపిస్తాను.

విశాఖ రేవు | మంగళవారం ఉదయం 11:40

రాజకుమారుల సంగీతం మీద నవ్వు ఆల్ఫ్రెడ్‌తో ఆగలేదని చెప్పడం మర్చిపోయాను. ఆయన మేనల్లుడు జర్మనీ కైజర్ రెండో విల్‌హెల్మ్ 1894లో 'ఈగిర్‌కు గీతం' అని ఒక పాట కట్టాడు. ఈగిర్ అంటే వాళ్ళ పురాణాల్లో సముద్ర దేవుడు. ఇక యూరప్ కార్టూనిస్టులకు పండగే. రాజుల స్వరరచనల్ని విమర్శించకూడదు, అసలు రాసింది ఎవరో తెలియదు కదా అని స్వరకర్త బ్రామ్స్ అన్నాడని చెప్పుకుంటారు. ఆల్ఫ్రెడ్‌ను ఆ మాట అనలేం. ఆయన కచేరీ ఆయనే చేశాడు, తప్పులతో సహా.

ఈ చర్చలో స్టాంపుల వాళ్ళు ఎవరైనా ఉంటే ఇంకో ముక్క. 1890లో లండన్ ఫిలాటెలిక్ సొసైటీకి గౌరవాధ్యక్షుడు ఈయనే. ఈయన స్టాంపులు అన్న దగ్గరికి, అక్కడ్నుంచి అయిదో జార్జి దగ్గరికి వెళ్ళాయి. ఫిడేలు మీద నవ్వినవాళ్ళు స్టాంపుల మీద నవ్వలేదు. స్టాంపులు చప్పుడు చేయవు కదా.

చిత్తుకాగితం | మంగళవారం సాయంత్రం 5:30

ఇంత వస్తుందని అనుకోలేదు, అందరికీ థాంక్స్. ఒక్క ప్రశ్న మిగిలిపోయింది. ఫిడేలు మాత్రమే ఎందుకు తిరగబడింది? మూడోమెట్టు గారన్నట్టు ఎగతాళేనా? నాకు నమ్మకం కుదరట్లేదు. ఎగతాళి అయితే చూసేవాడికి తెలియాలి. ఫిడేలు తెలిసిన పంతులుగారికి తప్ప ఇంకెవరికీ అది వెంటనే తట్టలేదు. నేను కూడా ఎడమచేతి వాటం అనే అనుకున్నాను.

అచ్చుగుడి | మంగళవారం రాత్రి 7:10

వారపత్రిక తొందర. బుధవారం ఏ బొమ్మ వేయాలో తేలుతుంది, రెండు మూడు రోజుల్లో గీసి ఇవ్వాలి, చెక్కేవాళ్ళు కాచుకుని ఉంటారు. పంచ్‌లో టెన్నియల్ లాంటి మహానుభావుడికే అదే లెక్క. చెక్క మీద తిరగేసి గీస్తూ ఫిడేలు దగ్గర తికమక పడి ఉంటాడు. నేనూ ఒకసారి శుభలేఖలో వరుడి పేరు, వధువు పేరు అటుదిటు వేసేశాను. ఇంతకంటే ఏం చెప్పను.

కందిపొడి | మంగళవారం రాత్రి 7:18

ఆ పెళ్ళి జరిగిందా మాస్టారూ?

అచ్చుగుడి | మంగళవారం రాత్రి 7:25

జరిగింది. డబ్బులే రాలేదు.

ఫిడేలు పంతులు | బుధవారం ఉదయం 7:35

రాత్రి నిద్ర పట్టలేదు ఈ ఫిడేలుతో. తెల్లారి లేచి ఒక పని చేశాను, నవ్వకండి.

మా మనవరాలి స్కూలు స్పోర్ట్స్ డే బ్యాడ్జి ఒకటి ఉంది, అరచేయంత వెడల్పు, రిబ్బను పువ్వుతో. దాన్ని చొక్కాకు ఎడమ రొమ్ము మీద గుచ్చుకున్నాను. విశాఖ రేవు గారి గార్టర్ నక్షత్రం అనుకోండి. ఫిడేలు తీసుకుని అద్దం ముందు నిలబడి, మామూలుగా ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నట్టు ఎడమ భుజం మీద ఆనించి గడ్డం కింద పెట్టాను. అద్దంలో చూస్తే బ్యాడ్జి మాయం. ఫిడేలు పొట్ట, దాని కింద నా మోచెయ్యి, రెండూ కలిసి ఎడమ రొమ్మును పూర్తిగా కప్పేశాయి. కాస్త రిబ్బను తోక మాత్రం కింద వేలాడుతోంది.

తర్వాత బొమ్మలోలాగా కుడి భుజానికి మార్చి కమాను ఎడమ చేత్తో పట్టుకున్నాను. యాభై ఏళ్ళ అలవాటు కదా, చెయ్యి ఒణికింది. కానీ బ్యాడ్జి మొత్తం కనిపించింది! ఎడమ మోచెయ్యి బయటికి తెరుచుకుంటుంది, రొమ్ము ఖాళీ.

బొమ్మ గీసినవాడికి నక్షత్రం కావాలి. అది లేకపోతే ఆయన ఎవరో గడ్డం ఉన్న ఓడ కళాసీ అవుతాడు. నక్షత్రాన్ని కుడివైపుకు మారిస్తే యూనిఫాం తెలిసిన ప్రతివాడూ ఉత్తరం రాస్తాడు. ఫిడేలును మారిస్తే ఎవడు అడుగుతాడు?

విశాఖ రేవు | బుధవారం ఉదయం 8:02

పంతులుగారూ, ఇక్కడి నుంచే సెల్యూట్. నిజమే, నక్షత్రం తప్పు రొమ్ము మీద ఉంటే మొదట ఉత్తరం రాసేవాణ్ణి నేనే.

మూడోమెట్టు | బుధవారం ఉదయం 8:30

ఎగతాళి అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా. పిల్లి విషయంలో మాత్రం తీసుకోను.

చిత్తుకాగితం | బుధవారం మధ్యాహ్నం 12:15

ఇప్పుడే లంచ్ టైంలో మళ్ళీ చూశాను. నక్షత్రం మీద ఒక్కో కిరణం విడివిడిగా చెక్కాడు, మధ్యలో శిలువ కూడా ఉంది. బొమ్మ మొత్తంలో అంత శ్రద్ధగా చెక్కింది అదొక్కటే. తెల్ల అతుకు గీత కూడా దాని పక్క నుంచే పోయింది, దాన్ని తాకలేదు. అచ్చుగుడి మాస్టారూ, ముక్కలు బిగించేటప్పుడు అది కూడా చూసుకుంటారా?

అచ్చుగుడి | బుధవారం సాయంత్రం 4:50

నేనైతే చూసుకునేవాణ్ణి. ముఖం మీద, ముఖ్యమైన చోట అతుకు పడకూడదని నాన్నగారు అనేవారు, ఆయన మాట్లాడింది జింకు గురించే అయినా.

ఒక పని చేయండి. ఆ పాత ఫ్రేములో మళ్ళీ పెట్టకండి. వెనక అట్ట గోధుమ రంగులో ఉందంటే దానిలో ఆమ్లం ఉంది, కాగితాన్ని తినేస్తుంది. ఆమ్లం లేని అట్ట అని అడిగి తీసుకోండి. తుప్పు మేకులు పారేయండి. వేలికి టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నారా?

చిత్తుకాగితం | బుధవారం సాయంత్రం 6:05

వేయించుకున్నాను మాస్టారూ. ఈసారి రెండు వైపులా అద్దం పెట్టిస్తున్నా, వెనక దీపాల ప్రకటన కూడా కనబడేట్టు.